మాటతో తీరవలసిన తగవులు

హైదరాబాదు నుండి కర్నూలు వైపు వెళ్లే రోడ్డు మీద శంషాబాద్ దాటుతున్నప్పుడు మన తల మీదుగా విమానాలు దిగుతుంటాయి. 2008 మార్చి 23 నుండి ఇక్కడి కొత్త విమానాశ్రయములో రాకపోకలు మొదలైనాయి. ఒకప్పుడు జొన్న చేలు, పశువుల బీళ్లు ఉన్న సుమారు 5,500 ఎకరాల నేల మీద ఇప్పుడు ప్రపంచ దేశాల ప్రజలు వచ్చి దిగుతున్నారు. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు విదేశము అనేది ఇక పాఠ్యపుస్తకములోని మాట మాత్రమే కాదు. అది వారి ఇంటి మీదుగా పోయే చప్పుడు.

ఈ కాలములోనే హైదరాబాదు పాఠశాలలలోను, కళాశాలలలోను ఒక కొత్త అలవాటు పెరిగింది. విద్యార్థులు ఐక్యరాజ్య సమితి సభ్యుల వలె కూర్చుండి, దేశాల మధ్య ఉన్న తగవులను గూర్చి రెండు మూడు రోజులు చర్చ చేస్తారు. దీనిని నమూనా ఐక్యరాజ్య సమితి అంటారు. పిల్లలు మాత్రము మూడక్షరాలతో "ఎం.యు.ఎన్." అంటారు. పల్లె నుండి పట్నం హాస్టలుకు వెళ్లిన పిల్ల సెలవులకు ఇంటికి వచ్చి, "అమ్మా, నేను ఈసారి పాకిస్తాన్ తరఫున మాట్లాడాను" అంటే తల్లికి ఏమనిపిస్తుంది? "నీకేం ఖర్మ, మన దేశం తరఫున మాట్లాడరాదా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఇది ఏమి ఆట?

ఈ పద్ధతి కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత నానాజాతి సమితి ఏర్పడినప్పుడే, 1920లలో, అమెరికా కళాశాలల విద్యార్థులు దాని నమూనా సభలు జరుపుకొన్నారు. ఆ సమితి రెండవ యుద్ధాన్ని ఆపలేకపోయింది. 1945 అక్టోబరు 24న ఐక్యరాజ్య సమితి పుట్టింది. విద్యార్థుల సభలు కూడ కొత్త పేరు పెట్టుకొన్నాయి. హార్వర్డు విశ్వవిద్యాలయపు సభ 1955లోను, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరములో ఉన్నత పాఠశాలల పిల్లల సభ 1968లోను మొదలైనాయి. అక్కడి నుండి ఈ అలవాటు మన నగరాలకు వచ్చింది.

జరిగే విధానము ఇది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దేశాన్ని అప్పగిస్తారు. సాధారణముగా అది తన దేశము కాదు. ఆ దేశము ఆ తగవులో ఏమి కోరుతున్నది, ఎందుకు కోరుతున్నది, దేనికి భయపడుతున్నది అనే సంగతులు చదివి రావలెను. సభలో ఒకరి తరువాత ఒకరు నిర్ణీత సమయములో మాట్లాడుతారు. ఆ తరువాత కుర్చీలు వదిలి, గుంపులు గుంపులుగా నిలిచి బేరసారాలు చేస్తారు. ఒక తీర్మానపు ముసాయిదా తయారవుతుంది. దానికి సవరణలు వస్తాయి. చివరకు ఓటు వేస్తారు. భద్రతా మండలి నమూనా అయితే అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల పేరుతో కూర్చున్న పిల్లలకు వీటో కూడ ఉంటుంది. ఆ అయిదుగురిలో ఒక్కరు కాదన్నా మిగిలిన పద్నాలుగు మంది శ్రమ నీళ్లపాలవుతుంది.

మన పల్లెవారికి ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. గట్టు తగాదా వచ్చినప్పుడు ఏమి చేస్తాము? మొదట ఇద్దరు రైతులు తమలో తాము మాట్లాడుకొంటారు. కుదరకపోతే ఇద్దరికీ కావలసిన ఒక మనిషి మధ్యన పడతాడు. అప్పటికీ తెగకపోతే పెద్దమనుషులు రచ్చబండ మీద కూర్చుంటారు. ఆఖరున కోర్టు. సమితి ఒడంబడికలోని 33వ అధికరణము దేశాలకు చెప్పినదీ దాదాపు ఇదే. సంప్రదింపులు, విచారణ, మధ్యవర్తిత్వము, రాజీ, మధ్యవర్తుల తీర్పు, న్యాయస్థానము అనే మార్గాలను అది పేర్కొంటుంది. మన సంఘాలలో మత్తయి సువార్త 18వ అధ్యాయము తెలిసినవారికి ఈ వరుస మరింత దగ్గరగా కనబడుతుంది. అక్కడ కూడ మొదటి మెట్టు తగవు పడిన మనిషి దగ్గరకు ఒంటరిగా వెళ్లటమే. నలుగురిలో పెట్టటము ఆ తరువాతి మాట.

మన ఊరి వ్యాజ్యము ఆ బల్ల మీద

విద్యార్థుల సభలలో ఉక్రెయిన్, గాజా, కొరియా, దక్షిణ చైనా సముద్రము వంటి విషయాలు చర్చకు వస్తాయి. మంచిదే. కాని మన శంషాబాద్, మన మెదక్, మన వరంగల్ ఉన్న రాజ్యపు వ్యాజ్యమే ఒకప్పుడు నిజమైన భద్రతా మండలి బల్ల మీదికి వెళ్లింది. ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసు? పెద్దలలోనైనా ఎంతమందికి తెలుసు? అందుచేత ఆ కథను కొంచెము వివరముగా చెప్పదలచినాము.

1947 ఆగస్టు 15న బ్రిటిషువారు వెళ్లిపోయినప్పుడు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇండియాలోను, పాకిస్తాన్‌లోను చేరలేదు. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే కోటీ అరవై లక్షలకు పైబడిన ప్రజలు ఆ రాజ్యములో ఉన్నారు. వారిలో ఎక్కువమంది హిందువులు, ఏలిక ముస్లిము. 1947 నవంబరు 29న ఇండియాకు, నిజాముకు మధ్య ఒక సంవత్సరము వరకు యథాతథ ఒప్పందము కుదిరింది. అది నిలువలేదు. నిజాము ప్రభుత్వము ఇండియా తమ సరుకులను ఆపుతున్నదని నేరము మోపింది. ఇండియా ప్రభుత్వము ఖాసిం రజ్వీ నాయకత్వములోని రజాకార్లు ప్రజలను హింసిస్తున్నారని, నిజాము వారిని అదుపు చేయటము లేదని చెప్పింది. అదే కాలములో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుండి రాత్రివేళల ఆయుధాలు మోసుకొని వచ్చి హైదరాబాదు రాజ్యములో దింపుతుండేవాడు. మరొక ప్రక్క పల్లెలలో భూస్వాములకు, రైతుకూలీలకు మధ్య సాయుధ పోరాటము సాగుతున్నది.

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వము భద్రతా మండలికి తంతి పంపింది. సమితిలో సభ్యత్వము లేని రాజ్యము కూడ, శాంతియుత పరిష్కారానికి ముందుగా ఒప్పుకొంటే, తన తగవును మండలికి తెలుపవచ్చునని 35వ అధికరణములో ఉన్నది. దానిని ఆధారము చేసుకొని, ఇండియా మాపైకి దండెత్తి రాబోతున్నది, విచారించండి అని వారు కోరినారు. నవాబ్ మోయిన్ నవాజ్ జంగ్ ప్రతినిధి బృందానికి నాయకుడు.

తంతి అక్కడ ఉన్నది. ఇక్కడ ఆగస్టు 27న, అంటే ఆరు రోజుల తరువాత, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాము పోలీసులు పడి 80 మందికి పైగా గ్రామస్తులను చంపినారు. ఆ ఊరి బురుజు నేటికీ నిలిచి ఉన్నది. ఆ చనిపోయినవారిలో ఎవరికైనా మండలి అనేది ఒకటి ఉన్నదని, తమ రాజ్యము పేరు అక్కడ కాగితము మీద ఉన్నదని తెలిసి ఉంటుందా?

సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యములోనికి ప్రవేశించింది. మండలి పారిస్ నగరములో సెప్టెంబరు 16న సమావేశమైంది. తంతి పంపి 26 రోజులు, సైన్యము కదలి నాలుగవ రోజు. ఆ రోజున మండలి మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఈ విషయాన్ని చర్చకు తీసుకోవలెనా వద్దా అన్నది. అప్పుడు మండలిలో 11 దేశాలు. ఎనిమిది అవునన్నవి. ఎవరూ కాదనలేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా ఓటు వేయక ఊరుకొన్నవి.

ఇండియా తరఫున ఆర్కాటు రామస్వామి మొదలియారు మాట్లాడినారు. ఈయన 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ఇండియా తరఫున సమితి ఒడంబడిక మీద సంతకము చేసినవారు. హైదరాబాదు అంతర్జాతీయ న్యాయము ప్రకారము స్వతంత్ర రాజ్యము కాదు, ఎన్నడూ కాలేదు, గనుక ఇక్కడికి వచ్చుటకు దానికి అర్హత లేదు అన్నది ఇండియా వాదన. బ్రిటిషు సార్వభౌమాధికారము తొలగిపోగానే మేము స్వతంత్రులమైనాము, బలమైన పొరుగు దేశము బలహీనమైన మా మీద పడుతున్నది అన్నది హైదరాబాదు వాదన.

మరునాడు, సెప్టెంబరు 17న, నిజాము సేనలు లొంగిపోయినవి. సెప్టెంబరు 22న నిజాము తన ఫిర్యాదును వెనుకకు తీసుకొంటున్నట్లు మండలికి తెలియజేసినారు. ఇప్పుడు మరొక చిక్కు వచ్చింది. పారిస్‌లో కూర్చున్న ప్రతినిధులు ఎవరి ప్రతినిధులు? నిజాము స్వేచ్ఛగానే ఆ మాట చెప్పినారా, లేక సైన్యము చేతిలో ఉండి చెప్పినారా? సెప్టెంబరు 28న మండలి మళ్లీ కూర్చున్నది. 1949 మే నెలలో పాకిస్తాన్ ప్రతినిధి జఫరుల్లా ఖాన్ ఈ విషయము మీద మాట్లాడినారు. మండలి ఏ తీర్మానమూ చేయలేదు. విషయము ముగియలేదు, కదలలేదు. చాల ఏండ్లు మండలి జాబితాలో ఒక వరుసగా మిగిలిపోయింది.

బల్ల మీద కనబడనివారు

ఇంతవరకు చెప్పినది రాజులు, ప్రతినిధులు, సేనాధిపతుల కథ. పిల్లల సభలలో కూడ ఇంతవరకే ఉంటుంది. కాని సెప్టెంబరు 17 తరువాత ఏమి జరిగింది?

రజాకార్ల చేతిలో నలిగినవారి కోపము అనేక చోట్ల ఏ పాపమూ ఎరుగని ముస్లిము కుటుంబాల మీద పడింది. ముఖ్యముగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో ఘోరాలు జరిగినవి. ఇది విన్న ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ నాయకత్వములో ఒక బృందాన్ని పంపినారు. వారు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో జిల్లాలు తిరిగి వ్రాసిన నివేదికలో కనీసము 27,000 నుండి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని అంచనా వేసినారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల చేతికి రాలేదు. 2013 ప్రాంతములో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో చదువుకొనుటకు వీలు కలుగలేదు.

ఆ నివేదికలో మరొక సంగతి కూడ ఉన్నది. కొన్ని చోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిము పొరుగువారిని కాపాడినారు. నేతపనివారిలో ఇది ప్రత్యేకముగా కనబడిందని బృందము వ్రాసింది. హిందూ నేతవారు ముస్లిము నేతవారికి అడ్డు నిలిచినారు. కొందరు ఆ ప్రయత్నములో ప్రాణాలే ఇచ్చినారు. ఒకే వృత్తి, ఒకే వాడ, ఒకరి మగ్గము చప్పుడు ఒకరు వింటూ బ్రతికినవారు. పారిస్ సభలో వారి పేర్లు ఎవరూ తీయలేదు. అయినను శాంతి భద్రతలు అనే మాటకు నిజమైన అర్థము చెప్పినవారు వారే గదా?

ఈ గాయము పూర్తిగా మానలేదని గ్రహించుటకు ఒక్క తేదీ చాలును. సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలువవలెనన్నదే నేటికీ తగవు. 2022 నుండి కేంద్ర ప్రభుత్వము దానిని హైదరాబాదు విమోచన దినముగా జరుపుతున్నది. 2022లోనే అప్పటి రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో తరువాతి రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమన్నది. చాలమంది ముస్లిము కుటుంబాలకు అది తాతముత్తాతల మరణము జ్ఞాపకము వచ్చే దినము. బైరాన్‌పల్లివంటి ఊళ్లకు అది భయము తీరిన దినము. రెండూ నిజమే. రెండు నిజాలను ఒకే గదిలో కూర్చుండబెట్టగలవారు మనకు కావలెను. అటువంటివారిని తయారుచేయుటకు ఈ విద్యార్థి చర్చలు సహాయపడునా అన్నదే మా ప్రశ్న.

ఎదుటివాని మాట మన నోట

మొదటి తల్లి ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. నా బిడ్డ పరాయి దేశము పక్షాన ఎందుకు మాట్లాడవలెను? అది అబద్ధమాడుట కాదా?

మా అభిప్రాయములో కాదు. అక్కడున్న వారందరికీ ఆ పిల్ల తన సొంత నమ్మకాన్ని చెప్పటము లేదని తెలుసు. ఆమె చేస్తున్నది వేరొకని మాటను నిజాయితీగా మోయుట. మనకు ఎదుటివాని వాదన తెలియనంతకాలము వాడు మూర్ఖుడో, దుర్మార్గుడో అనిపిస్తాడు. వాని భయాన్ని మన నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు, వాడు కూడ మనిషేనని తెలిసివస్తుంది. వాని వాదన తప్పని అప్పటికీ అనుకోవచ్చును. అయితే ఇప్పుడు ఎందుకు తప్పో తెలుస్తుంది. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో, అత్తాకోడళ్ల పట్టింపులో, సంఘములోని రెండు వర్గాల మధ్య ఈ ఒక్క అలవాటు ఉంటే ఎన్ని ఇండ్లు నిలుస్తాయి! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. చెవి మంచిదైతే ఆ ఊరు ఇంకా మంచిది.

తన పక్షము విడువకుండానే ఎదుటివానికి చేయి చాచవచ్చునని చూపిన హైదరాబాదు మనిషి ఒకరున్నారు. సయ్యద్ అక్బరుద్దీన్ 2016 నుండి 2020 వరకు ఐక్యరాజ్య సమితిలో ఇండియా శాశ్వత ప్రతినిధిగా పనిచేసినారు. 2019 ఆగస్టు 16న భద్రతా మండలి కాశ్మీరు విషయమై తలుపులు మూసి సంప్రదింపులు జరిపింది. బయటకు వచ్చిన చైనా, పాకిస్తాన్ ప్రతినిధులు తమ మాట చెప్పి, ప్రశ్నలు తీసుకొనకుండ వెళ్లిపోయినారు. అక్బరుద్దీన్ నిలబడి ప్రశ్నలు తీసుకొన్నారు, అదీ మొదట పాకిస్తాన్ విలేఖరుల నుండి. పాకిస్తాన్‌తో చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని వారిలో ఒకరు అడిగినారు. ఆయన తాను నిలబడిన చోటు విడిచి, నడచి వెళ్లి, ఆ విలేఖరులతో చేయి కలిపినారు. తన దేశము వైఖరిలో ఒక్క అక్షరము మార్చలేదు. ఆ కరచాలనముతో కాశ్మీరు తగవు తీరిందని మేము చెప్పటము లేదు. అది తీరలేదు. అయినను కోపము లేకుండ గట్టిగా నిలబడుట సాధ్యమేనని పిల్లలకు చూపుటకు అంతకంటె మంచి పాఠము ఏమున్నది?

జాగ్రత్తపడవలసినవి

మంచి చెప్పినాము గనుక లోపాలు కూడ చెప్పవలెను.

మొదటిది ఖర్చు. నగరములో జరిగే అనేక సభలకు ప్రవేశ రుసుము ఉంటుంది. కోటు, టై, ప్రయాణము, బస వేరు. పొలము మీద వచ్చే ఆదాయముతో బ్రతికే కుటుంబానికి ఇది భారము. విమానాశ్రయపు గోడ ప్రక్కనే ఉన్న ప్రభుత్వ పాఠశాల పిల్లవానికి ఈ సభలు అమెరికా అంత దూరములో ఉండవచ్చును. బిడ్డ అడిగినది ఇవ్వలేకపోయినామని ఏ తల్లిదండ్రులూ క్రుంగిపోవద్దు. ఈ చదువును డబ్బు లేకుండ కూడ ఇవ్వవచ్చును. ఎట్లో క్రింద చెప్తాము.

రెండవది భాష. ఇవి చాలవరకు ఇంగ్లీషులో జరుగుతాయి. తెలుగులో చక్కగా ఆలోచించే పిల్ల ఇంగ్లీషు తడబడటము వలన వెనుక బెంచీలో కూర్చుంటుంది. గలగల మాట్లాడినవారే తెలివైనవారనే భ్రమ పుడుతుంది. మాటలు ఎక్కువైనంత మాత్రాన తగవు తీరదు. 1957 జనవరిలో వి.కె. కృష్ణమీనన్ భద్రతా మండలిలో కాశ్మీరు గూర్చి సుమారు 8 గంటలు మాట్లాడినారు. ఇండియా పక్షాన్ని సమర్థముగా చెప్పినారని ఎంతోమంది మెచ్చుకొన్నారు. తగవు మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

మూడవది బహుమతి. ఉత్తమ ప్రతినిధి అని ఒకరిని ఎన్నిక చేస్తారు. దానితో రాజీ కుదుర్చుట కంటె ఎదుటివానిని నోరుమూయించుట మీద పిల్లలకు ధ్యాస పోతుంది. ఎవరు గెలిచినారని ఇంటికి వచ్చిన బిడ్డను అడుగవద్దు. ఎవరి మాట విని నీ మనసు కొంచెము మారింది అని అడగండి. దానికి జవాబు చెప్పలేకపోతే, ఆ రెండు రోజులలో చదువు జరుగలేదని గ్రహించవచ్చును.

మన ఊరిలో పదమూడు కుర్చీలు

ఇక మన ఊరిలో ఎట్లు చేయవచ్చునో చూడండి. యౌవనస్థుల కూటము, హైస్కూలు, గ్రంథాలయము ఏదైనను సరే. కావలసినవి 13 కుర్చీలు, అట్టముక్కలు, ఒక గంట, ఒక గడియారము. భాష తెలుగు.

1948 నాటి మండలిలో ఉన్న 11 దేశాల పేర్లు అట్టల మీద వ్రాయండి. చైనా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్, బ్రిటన్, అమెరికా అనేవి శాశ్వత సభ్యులు. అర్జెంటీనా, బెల్జియం, కెనడా, కొలంబియా, సిరియా, ఉక్రెయిన్ మిగిలిన ఆరు. చీట్లు వేసి పిల్లలకు పంచండి. ఇండియాకు ఒక కుర్చీ, హైదరాబాదుకు ఒక కుర్చీ వేయండి. వారు మాట్లాడవచ్చును గాని వారికి ఓటు లేదు. ఆడపిల్లలకు సరిసమానముగా స్థానము ఇవ్వండి. వీలైతే పొరుగు వాడల ముస్లిము, హిందూ పిల్లలను కూడ పిలవండి. ఇండియా పక్షము ముస్లిము బిడ్డకు, హైదరాబాదు పక్షము హిందూ లేక క్రైస్తవ బిడ్డకు వస్తే మరీ మంచిది.

నియమాలు నాలుగే. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గంట మ్రోగగానే ఆపవలెను. మతమును, కులమును, మనిషిని కించపరచే మాట ఒక్కటి వచ్చినా ఆ వంతు పోతుంది. ఇక నాలుగవ నియమము అన్నిటికంటె ముఖ్యమైనది. ఎదుటి పక్షానికి జవాబు చెప్పబోయేవారు ముందుగా వారి వాదనను తమ మాటలలో తిరిగి చెప్పి, "మీరన్నది ఇదేనా?" అని అడుగవలెను. వారు అవునన్న తరువాతనే తన జవాబు మొదలుపెట్టవలెను. ఈ ఒక్క నియమము పిల్లలకు మొదట విసుగు పుట్టిస్తుంది. అరగంట గడిచేసరికి గది వేరుగా మారుతుంది.

భోజనము తరువాత ఇండియా, హైదరాబాదు కుర్చీలలోని పిల్లలు స్థానాలు మార్చుకోవలెను. ఆ తరువాత అందరు కలిసి ఒక తీర్మానము వ్రాయవలెను. నాటి నియమము ప్రకారము 11లో 7 ఓట్లు కావలెను, శాశ్వత సభ్యులలో ఎవరూ కాదనకూడదు. నిజమైన మండలి చేయలేని పనిని మన పిల్లలు చేయటానికి ప్రయత్నిస్తారన్నమాట. సైన్యము కదలక ముందు, ఆగస్టు 21కి సెప్టెంబరు 13కు నడుమ, ఎవరు ఏమి చేసి ఉంటే ప్రాణాలు దక్కేవి? ఆ ప్రశ్నను నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచండి.

చివరిగా ఒక సాక్షిని పిలవండి. ఆ దినాలు చిన్నతనములో చూసినవారు ఇప్పుడు ఎనభై దాటినవారు. మీ ఊరిలో ఉన్నారేమో వెదకండి. రజాకార్ల భయముతో చేలలో దాగిన అవ్వ కావచ్చును, పోలీసు చర్య తరువాత ఊరు విడిచి వెళ్లిన ముస్లిము కుటుంబపు తాత కావచ్చును. ఇద్దరినీ పిలిచి ఒకే వరుసలో కూర్చుండబెట్టి, పిల్లలు మౌనముగా వినేటట్లు చేయండి. వినిన తరువాత తీర్మానములోని మాటలు ఏవైనా మార్చవలెనా అని అడగండి. ఈ మనుషులు ఇంకెన్నాళ్లు మనతో ఉంటారు?

ఏడాదిలో ఈ పనికి తగిన వారము కూడ ఉన్నది. సెప్టెంబరు 17 నుండి నాలుగు రోజులు లెక్కపెడితే సెప్టెంబరు 21 వస్తుంది. అది ఐక్యరాజ్య సమితి పాటించే అంతర్జాతీయ శాంతి దినము. న్యూయార్కులోని సమితి తోటలో, కత్తిని సమ్మెటతో కొట్టి నాగలిగా మలచుతున్న ఒక మనిషి విగ్రహము ఉన్నది. 1959లో సోవియట్ యూనియన్ దానిని బహుకరించింది. యెషయా ప్రవక్త కన్న ఆ దర్శనము మనకు కొత్త కాదు. నాగలి పట్టే కుటుంబాలకు దాని అర్థము ఇతరులు చెప్పనక్కరలేదు.

తెలుగు భాషలో ఒక చక్కని మాట ఉన్నది. బడిలో సమాధానము అంటే ప్రశ్నకు జవాబు. గుడిలో, మన ఆరాధనలలో, సమాధానము అంటే శాంతి. పిల్లలు సభలలో నేర్చేది మొదటి సమాధానము. కొండమీది ప్రసంగములో ధన్యులుగా పిలువబడినవారు చేసేది రెండవ సమాధానము. మొదటిది లేకుండ రెండవది రాదు. కాని మొదటిదాని దగ్గరనే ఆగిపోతే ఇండ్లలో, ఊళ్లలో, దేశాలలో జవాబులు మాత్రమే మిగులుతాయి, తగవులు తీరవు.

ప్రియ పాఠకులారా, ఈ సెప్టెంబరులో మీ ఊరిలో 13 కుర్చీలు వేయగలరా? మీ పిల్లలు వ్రాసిన తీర్మానాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుండి చదవండి. ఆ తరువాత మీ ఇంటిలోనో, మీ సంఘములోనో చాల కాలముగా మాటలు లేని ఇద్దరుంటే, మొదటి మెట్టు ఎక్కి వారి గడప దగ్గరకు వెళ్లండి.